రక్తపు చుక్కలో కాన్సర్ జాడ - కాంతి పట్టి ఇస్తుందా?

ఈ మధ్య నాకు వస్తున్న ఉత్తరాల్లో ఒకే ప్రశ్న పదేపదే కనిపిస్తోంది. వాటిలో తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది:

"నా వయసు 38. మా అమ్మ రొమ్ము కాన్సర్‌తో పోయింది. రెండు నెలలుగా నాకు ఎడమ రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగులుతోంది. నొప్పి లేదు. కొద్దిగా రక్తం తీసి, దానిమీద లేజరు కాంతి వేసి ఆరు రకాల కాన్సర్లను ముందుగానే కనిపెడుతున్నారని ఫోనులో ఒక వీడియో చూశాను. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు? అది చేయించుకుంటే సూదులు, కోతలు లేకుండా విషయం తేలిపోతుంది కదా?"

ముందు ఈ సోదరికి జవాబు చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను. అమ్మా, ఆ వీడియోలోని పరీక్ష కోసం మీరు ఒక్క రోజు కూడా ఆగవద్దు. ఈ వారంలోనే దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్ళి సర్జన్‌కు చూపించండి. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం కాన్సర్ కావు. కాని మీదేదో చెప్పాలంటే మూడు పనులు జరగాలి. డాక్టరు చేత్తో పరీక్షించాలి. అల్ట్రాసౌండో, మామోగ్రామో, అవసరమైతే రెండూ తీయాలి. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడాలి. ఈ మూడింటి పని చేయగల రక్తపరీక్ష ఈనాటికి లేదు. నొప్పి లేదని ధైర్యపడకండి. తొలి దశలో కాన్సర్ గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు.

ఇక వీడియో సంగతి. అది పూర్తిగా అబద్ధమా అంటే, కాదు. దాని వెనుక మంచి శాస్త్రమే ఉంది. అందులో మన దేశపు వాటా కూడా ఉంది. అయితే శాస్త్రం ఎంతవరకు వచ్చింది, వీడియో ఎంతదూరం పరుగెత్తింది అన్నది పాఠకులు వేరు చేసి చూసుకోవాలి.

కణాలు వదిలే సంచులు

మన శరీరంలోని ప్రతి కణమూ తన చుట్టూ ఉన్న ద్రవంలోకి సూక్ష్మమైన సంచుల్ని వదులుతూ ఉంటుంది. వాటిలో ఒక రకాన్ని ఎక్సోజోములు అంటారు. ఇవి ఎంత చిన్నవంటే, సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన ఎర్రరక్తకణం వెడల్పు ఏడెనిమిది వేల నానోమీటర్లు. దాని పక్కన ఎక్సోజోము గుమ్మడికాయ పక్కన ఆవగింజ లాంటిది. మామూలు మైక్రోస్కోపుకు కనబడదు.

1983లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని సెయింట్ లూయీలోను, ఎర్రరక్తకణాలు ఎలా పక్వానికి వస్తాయో పరిశీలిస్తున్న శాస్త్రజ్ఞులు వీటిని విడివిడిగా గమనించారు. 1987లో మెక్‌గిల్‌కు చెందిన రోజ్ జాన్‌స్టన్ బృందం వీటికి ఎక్సోజోములని పేరు పెట్టింది. కణం తనకు అక్కరలేని సరుకును బయట పారేసే మార్గం ఇదని అప్పట్లో భావించారు. కాని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వీటిలో ఆర్.ఎన్.ఏ. ఉంటుందని, అది మరో కణంలోకి చేరి అక్కడ పని చేయగలదని చూపించారు. అంటే ఇవి చెత్త మాత్రమే కాదు, కణాలు ఒకదానికొకటి పంపుకునే ఉత్తరాలు కూడా.

చెత్త అయినా, ఉత్తరం అయినా మనకు ఉపయోగమే. ఒక ఇంటి ముందున్న చెత్తబుట్ట చూస్తే ఆ ఇంట్లో ఆ పూట ఏం వండారో లోపలికి వెళ్ళకుండానే చెప్పవచ్చు. అదే విధంగా ఎక్సోజోములో దాన్ని వదిలిన కణం తాలూకు ప్రోటీన్లు, కొవ్వు పదార్థాలు, ఆర్.ఎన్.ఏ. ముక్కలు ఉంటాయి. కాన్సర్ కణం కూడా వీటిని వదులుతుంది. గడ్డ ఊపిరితిత్తిలో ఉన్నా, క్లోమంలో ఉన్నా దాని సంచులు రక్తంలోకి వస్తాయి. వాటిని పట్టి చదవగలిగితే లోపల దాగిన గడ్డ జాడ ముందుగా తెలుస్తుంది. ఆలోచన ఇదీ.

రామన్ గారి కాంతి

ఆవగింజ కన్నా చిన్నదాన్ని చదవడం ఎలా? ఇక్కడే కాంతి సహాయానికి వస్తుంది.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సర్ సి.వి. రామన్ ఒక విషయాన్ని గుర్తించారు. ఒకే రంగు కాంతిని ఒక పదార్థం గుండా పంపితే, చెదిరి వచ్చే కాంతిలో దాదాపు అంతా అదే రంగులో తిరిగి వస్తుంది. కాని అతి స్వల్ప భాగం మాత్రం రంగు మార్చుకుని వస్తుంది. ఇది సుమారు కోటిలో ఒక వంతు. పదార్థంలోని అణువులు నిరంతరం కంపిస్తూ ఉంటాయి. కాంతి వాటికి తగిలినప్పుడు కొంత శక్తిని వాటికి ఇచ్చి గాని, వాటినుంచి తీసుకుని గాని వెళుతుంది. రంగు మార్పుకు కారణం అదే. ఏ పదార్థం కంపనం దానిదే కాబట్టి, ఆ మార్పు ఆ పదార్థపు వేలిముద్ర లాంటిది. ఈ ఆవిష్కరణకు 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. రామన్ గారి బాల్యం మన విశాఖపట్నంలో గడిచింది. వారి తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకులు. కలకత్తాలో రామన్ వద్ద పనిచేసి తర్వాత ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు వచ్చిన సూరి భగవంతం గారు ఈ శాస్త్రాన్ని తెలుగునాట పాదుకొల్పారు.

కోటిలో ఒక వంతు కాంతితో ఎక్సోజోమును చదవడం కష్టం. దానికి మార్గం అనుకోకుండా దొరికింది. 1974లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో గరుకు చేసిన వెండి ఉపరితలం మీద ఒక రసాయనాన్ని ఉంచి చూస్తే, రామన్ కాంతి ఊహించనంత బలంగా వచ్చింది. వెండి, బంగారం వంటి లోహాల సూక్ష్మమైన మిట్టపల్లాల దగ్గర ఈ కాంతి లక్షల రెట్లు పెరుగుతుందని తర్వాత తేలింది. ఇప్పుడు పరిశోధకులు రక్తం నుంచి ఎక్సోజోములను వేరు చేసి, బంగారు నానో రేణువులు పరిచిన పలక మీద వేసి, లేజరు కాంతి ప్రసరింపజేస్తారు. అప్పుడు వచ్చే గీతల్లో కాన్సర్ ఉన్నవారికీ లేనివారికీ తేడా మన కంటికి ఆనదు. అందుకని వేల గీతలను కంప్యూటరుకు చూపించి తేడా పట్టడం నేర్పుతారు.

2023లో దక్షిణ కొరియాలోని కొరియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిలో ఊపిరితిత్తులు, రొమ్ము, పెద్దప్రేగు, కాలేయం, క్లోమం, జీర్ణాశయం - ఈ ఆరు కాన్సర్ల మీద చేసిన పరిశోధనను ప్రచురించారు. 520 నమూనాలపై పరీక్షిస్తే, కాన్సర్ ఉన్న నూరుమందిలో సుమారు 90 మందిని పరీక్ష పట్టుకుంది. లేని నూరుమందిలో సుమారు 94 మందికి లేదని సరిగా చెప్పింది. ఏ అవయవంలో ఉందన్నది కూడా పట్టుబడినవారిలో నూటికి 72 మందికి చెప్పగలిగింది. ఇవన్నీ ఎక్కువగా తొలి దశ కాన్సర్లు. నిజంగా మెచ్చుకోవలసిన ఫలితమే.

లెక్క వేసి చూద్దాం

"నూటికి 90 పట్టుకుంటే ఇంకేం కావాలి డాక్టరుగారూ?" అని మీరు అడగవచ్చు. ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఆ పరిశోధనలో కాన్సర్ ఉందని ముందే తెలిసినవారి రక్తాన్ని, ఆరోగ్యవంతుల రక్తాన్ని పోల్చారు. మన వీధుల్లో పరిస్థితి అలా ఉండదు. పైకి ఏ బాధా లేని 10,000 మందిని పిలిచి ఈ పరీక్ష చేశామనుకుందాం. వారిలో 50 మందికి లోపల కాన్సర్ దాగి ఉందనుకుందాం. ఆ 50 మందిలో 45 మంది పట్టుబడతారు. అయిదుగురు తప్పించుకుంటారు.

మిగిలిన 9,950 మందికి కాన్సర్ లేదు. వారిలో నూటికి 5.6 మంది చొప్పున "ఉంది" అని తప్పుగా తేలుతుంది. అంటే 557 మంది. మొత్తం "ఉంది" అని కాగితం అందుకున్నవారు 602 మంది. వారిలో నిజంగా కాన్సర్ ఉన్నవారు 45 మందే! పదమూడు మందిలో ఒకరు. తక్కిన పన్నెండు మంది ఏ జబ్బూ లేకుండానే నెలల తరబడి నిద్రలేక, స్కానింగుల చుట్టూ తిరిగి, అప్పులు చేసి, కొందరు ముక్క పరీక్ష దాకా కూడా వెళ్ళవలసి వస్తుంది. తప్పించుకున్న ఆ అయిదుగురేమో "నాకేమీ లేదని కాగితం ఉంది" అని గడ్డ తగిలినా పట్టించుకోరు. నన్ను అడిగితే ఇది మరీ ప్రమాదం.

పరీక్షలో లోపం ఉన్నందువల్ల ఇలా జరగలేదు. జబ్బు లేనివారు చాలా ఎక్కువగా, ఉన్నవారు చాలా తక్కువగా ఉండే చోట ఏ పరీక్షకైనా ఇదే గతి. అందుకే ఇలాంటి పరీక్షను జనంలోకి వదిలే ముందు వేలాది మామూలు మనుషుల మీద, ఏళ్ళ తరబడి పరీక్షించి చూడాలి. మరో చిక్కు కూడా ఉంది. రక్తంలో ఎక్సోజోముల సైజులోనే ఉండే కొవ్వు రేణువులు విపరీతంగా ఉంటాయి. కాన్సర్ కణం వదిలినవి, మంచి కణాలు వదిలినవి కలిసే ఉంటాయి. ఒక ప్రయోగశాలలో వేరు చేసిన తీరుకూ మరో ప్రయోగశాలలో వేరు చేసిన తీరుకూ తేడా వస్తే గీతలు మారిపోతాయి.

ముందుగా తెలిస్తే మంచిదే కదా?

చాలామంది చదువుకున్నవారు కూడా ఇక్కడే పొరబడతారు. ముందుగా తెలుసుకోవడం వేరు, ప్రాణం నిలబడటం వేరు. రెండు ఉదాహరణలు చెబుతాను.

దక్షిణ కొరియాలోనే 1999లో ప్రభుత్వం కొన్ని కాన్సర్లకు ఉచితంగా ముందస్తు పరీక్షలు మొదలుపెట్టింది. వాటితోపాటు కొద్ది డబ్బుకు ఆసుపత్రులు థైరాయిడ్ గ్రంథికి అల్ట్రాసౌండ్ తీయసాగాయి. 2011 నాటికి థైరాయిడ్ కాన్సర్లు 1993తో పోలిస్తే పదిహేను రెట్లు పెరిగాయి. వేలాదిమంది గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగే స్థితికి వచ్చారు. కాని థైరాయిడ్ కాన్సర్ మరణాలు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. పట్టుబడినవాటిలో ఎక్కువ భాగం ఏనాటికీ హాని చేయని చిన్న గడ్డలన్నమాట.

బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీల మీద అండాశయ కాన్సర్ కోసం సి.ఏ.125 రక్తపరీక్షతోను, స్కానింగుతోను ఏళ్ళపాటు పరిశోధన చేశారు. ఆ రక్తపరీక్ష వల్ల కొన్ని కాన్సర్లు ముందు దశలోనే బయటపడ్డాయి. కాని 2021లో వెలువడిన తుది ఫలితంలో మరణాలు తగ్గలేదని తేలింది.

కాబట్టి కొత్త పరీక్ష ఏది వచ్చినా మీరు అడగవలసింది "ఎంత ముందుగా పట్టుకుంటుంది?" అని కాదు. "దీనివల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయి?" అని. ఎక్సోజోముల పరీక్షకు ఆ జవాబు ఇంకా రాలేదు.

ఇవాళ మన చేతిలో ఉన్నవి

ప్రాణాలు నిలబెట్టినట్టు రుజువైన పరీక్షలు మన దేశంలోనే ఉన్నాయి. వాటికి లేజర్లు అక్కరలేదు.

నోరు: తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి వెలుతురులో నోరు తెరిపించి చూశారు. పొగాకు గాని, మద్యం గాని అలవాటున్నవారిలో నోటి కాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 2005లో వెల్లడించారు.

గర్భాశయ ముఖద్వారం: ముంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998 నుంచి మురికివాడల్లోని స్త్రీలకు పలచటి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ వంటి ద్రవం, అద్ది చూసే పరీక్ష చేయించారు. చేసినవారు డాక్టర్లు కారు, నాలుగు వారాల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. మరణాలు నూటికి 31 వంతులు తగ్గాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లాలో హెచ్.పి.వి. వైరస్ పరీక్ష ఒక్కసారి చేసినందుకే మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో ప్రచురించారు.

రొమ్ము: ముంబాయిలోనే రెండేళ్ళకొకసారి కార్యకర్తలు చేత్తో రొమ్ము పరీక్ష చేయగా, 50 ఏళ్ళు దాటిన స్త్రీలలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో తేలింది.

ఈ మూడు పరీక్షలూ 30 ఏళ్ళు నిండినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఎప్పుడు, ఎక్కడ చేస్తారో మీ వీధికి వచ్చే ఆశా కార్యకర్తను గాని, ఏ.ఎన్.ఎం.ను గాని అడగండి. "నాకేం రోగం?" అని సిగ్గుపడి ఇంట్లో కూర్చునే అత్తగారిని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి.

పరీక్షల సంగతి అలా ఉంచి, ఈ కింది వాటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించుకోవాలి: మూడు వారాలు దాటినా మానని నోటిపుండు, నోట్లో తెల్ల లేక ఎర్ర మచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, రొమ్ములో గాని, చంకలో గాని, మెడలో గాని గడ్డ, ముట్లుడిగిన తర్వాత రక్తస్రావం, కలయిక తర్వాత రక్తస్రావం, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం. వీటన్నిటికీ కాన్సరే కారణం అని కాదు. కారణం ఏదో తేల్చుకోవాలి, అంతే.

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కాన్సర్ కణాలు రేణువులు వదులుతాయని చదివాను. మా నాన్నగారికి గొంతు కాన్సర్. ఆయన కంచంలో పిల్లలు తినవచ్చా? ఆ రేణువులు అంటుకోవా? (ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: అంటుకోవు. కాన్సర్ అంటువ్యాధి కాదు. ఆ రేణువులు ఆయన శరీరంలో తిరిగేవే తప్ప, కంచం ద్వారా, గ్లాసు ద్వారా, తాకడం ద్వారా మరొకరికి కాన్సర్ తేలేవు. మీ నాన్నగారిని వేరే గదిలో, వేరే కంచంతో ఉంచకండి. చికిత్స బాధకన్నా ఆ బాధ ఎక్కువ. మనవల్ని పక్కన కూర్చోబెట్టుకుని తిననివ్వండి.

ప్రశ్న: మా ఊరి లాబొరేటరీలో "కాన్సర్ మార్కర్ల ప్యాకేజీ" తగ్గింపు ధరకు చేస్తున్నారు. నాకు, మా ఆవిడకు ఏ బాధా లేదు. చేయించుకోమంటారా? (ఒక ఉద్యోగి, నిజామాబాదు)

జవాబు: వద్దు. ఆ మార్కర్లు ముఖ్యంగా కాన్సర్ ఉన్నట్టు తేలినవారిలో చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి ఉపయోగపడతాయి. ఏ బాధా లేనివారిలో గందరగోళం తెస్తాయి. సి.ఇ.ఏ. పొగ తాగేవారిలో పెరుగుతుంది. సి.ఏ.125 ముట్టు సమయంలోను, గర్భంతో ఉన్నప్పుడు, కడుపులో క్షయ ఉన్నప్పుడు కూడా పెరుగుతుంది. పి.ఎస్.ఏ. ప్రోస్టేటు గ్రంథి వయసుతో పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఆ డబ్బుతో ఇద్దరూ బి.పి., షుగరు చూపించుకోండి. మీ ఆవిడకు పైన చెప్పిన పరీక్షలు చేయించండి. మీకు పొగాకు అలవాటు ఉంటే మానేయండి.

ప్రశ్న: గడ్డలోంచి ముక్క తీస్తే కాన్సర్ శరీరమంతా పాకుతుందని మా బంధువులు భయపెడుతున్నారు. (ఒక సోదరి, బళ్ళారి)

జవాబు: అది అపోహ. ఏ గడ్డకు ముక్క ఎలా తీయాలో, ఎక్కడ తీయకూడదో వైద్యులకు నిర్ణీతమైన పద్ధతులున్నాయి. ముక్క పరీక్ష లేకుండా అది కాన్సరో కాదో, అయితే ఏ రకమో, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. ముక్క తీసిన తర్వాత జబ్బు ముదిరిందని చెప్పేవారి కథల్లో చాలాసార్లు అసలు సంగతి ఏమిటంటే, వారు ఆసుపత్రికి వచ్చేసరికే ముదిరిపోయింది.

ప్రశ్న: మా అమ్మమ్మకు 66 ఏళ్ళు. చిన్నప్పటినుంచి అడ్డపొగ అలవాటు, అనగా నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది. అంగిలి తెల్లగా, చిన్న చిన్న ఎర్ర చుక్కలతో ఉంది. ఆవిడకు ఆ కాంతి పరీక్ష పనికివస్తుందా? (ఒక విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: మీరు కళ్ళతో చూసి చెబుతున్నదానికి రక్తపరీక్ష ఎందుకు? మన ఉత్తరకోస్తాలో అడ్డపొగ తాగే స్త్రీలకు వేడీ, పొగా నేరుగా తగిలి అంగిలి అలా తెల్లబారుతుంది. ఆ ఎర్ర చుక్కలు చాలామందిలో కాన్సర్ కావు. కాని ఎర్రటి మచ్చగాని, పుండుగాని, గట్టి బుడిపెగాని ఉంటే తప్పక ముక్క తీసి చూడాలి. జిల్లా ఆసుపత్రిలో దంతవైద్యునికి గాని, చెవి ముక్కు గొంతు డాక్టరుకు గాని వెంటనే చూపించండి. చుట్ట మాన్పించండి. ఒక్కసారిగా మానలేకపోతే సహాయం చేసే కేంద్రాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉన్నాయి. ఇంట్లో పొగాకు అలవాటున్న మిగతావారందరి నోళ్ళనూ నెలకొకసారి మీరే టార్చిలైటు వేసి చూడండి: పెదవుల లోపల, రెండు బుగ్గలు, నాలుక పైన, పక్కల, కింద, అంగిలి. కట్టుడుపళ్ళు ఉంటే ముందు తీయించండి. కొత్తగా మచ్చ గాని, పుండు గాని కనిపిస్తే తేదీ రాసిపెట్టుకోండి. మూడు వారాల్లో పోకపోతే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.